భాగ్యను ఇచ్చేసిన పైల్వాన్

భాగ్యను మా పైల్వాన్ నా చేతుల్లోంచి తీసి ఇంకొకడి చేతిలో పెట్టాడు. నన్ను అడగలేదు. ముందుగా ఒక మాటైనా చెప్పలేదు. రెండేళ్లు నేను కష్టపడి తయారుచేసిన పిల్లను, మా కుస్తీ గరిడీకి వచ్చి రెండు వారాలైనా కానివాడికి అప్పగించాడు. అది అన్యాయమని అప్పుడూ అన్నాను, డెబ్బై దాటిన ఈ వయసులోనూ అంటాను.

ఈ పొద్దున హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక జిమ్ము ముందు నడుస్తుంటే లోపల లారీ టైరు దబ్బున బోర్లాపడిన చప్పుడు వినిపించింది. వెనకే వేడెక్కిన రబ్బరు వాసన. ఎవరో రొప్పుతున్నారు. "చాలు, ఇంక రెస్ట్" అన్నాడు నేర్పేవాడు. ఆ ఒక్క మాటకు నా ఒళ్లు భగ్గుమంది. గోడ పట్టుకుని నిలబడిపోయాను. పాత కోపానికి వయసు రాదు.

మా పైల్వాన్ పేరు మునిస్వామప్ప. పొట్టి మనిషి, నలిగిపోయిన చెవులు, గుసగుసలాడినా వీధి చివరికి వినిపించే గొంతు. తొంభైల మొదట్లో నేను కదిరి వైపు నుంచి ఈ నగరానికి వచ్చి మడివాళలో లారీల నుంచి బండలు దించేవాణ్ణి. ఒకరోజు ఆయన రోడ్డు పక్కన నిలబడి చాలాసేపు నన్నే చూశాడు.

"అంతా నడుముతోనే ఎత్తుతాండావే. కాళ్లు ఊర్లో పెట్టి వచ్చినావేమప్పా?"

కూలీలందరూ నవ్వారు. "నువ్వు ఎత్తి చూపించు పెద్దాయనా" అన్నాను రోషంగా. ఆయన పంచె ఎగగట్టి గొంతుక్కూర్చున్నాడు, బండను ఒళ్లోకి లాక్కున్నాడు, ఊపిరి వదులుతూ లేచాడు. ముఖంలో ఒక్క నరం ఉబ్బలేదు. మర్నాడు నేను ఆయన గరిడీ ముందు నిలబడ్డాను. "కుస్తీకి నీ వయసు మించిపాయ. పట్టు నేర్పేదానికి నేనుండా. పట్టులోకి బలం పోసేటోడు కావల్ల నాకు" అన్నాడు. అలా నేను గుండ్లకూ, ఇసుక మూటలకూ, తాళ్లకూ, దండీలకూ, బస్కీలకూ పెద్దనయ్యాను. బడి ముఖం చూడనివాణ్ణి. పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. ఫుట్‌పాత్ మీద దొరికిన పాత పుస్తకంలో కండరాల బొమ్మలు చూసి, ఏ కండ ఏ పని చేస్తుందో నా ఒంటి మీదే తడిమి తెలుసుకున్నాను. మల్లయోధులే కాదు, బాక్సింగ్ వాళ్లూ జూడో వాళ్లూ బలం కోసం మా దగ్గరికి వచ్చేవారు.

రెండువేల సంవత్సరం దాటాక అలా వచ్చిందే భాగ్య. పదహారేళ్ల జూడో పిల్ల. తల్లితో పాటు కట్టడాల దగ్గర ఇటుకలు మోసి వచ్చేది. ఆడపిల్ల గోదాలో మట్టి తొక్కకూడదన్నారు కాబట్టి పెరట్లో నేర్పాను.

"మామా, ఈ గుండు మా మేస్త్రీ కన్నా బరువుండాది."

"మీ మేస్త్రీని కూడా ఎత్తిస్తా. ముందు దీన్ని లేపు తల్లీ."

మా గరిడీలో ఒక ఆనవాయితీ ఉండేది. పోటీకి ముందు రోజు బస్కీలు లెక్కకు ఒక్కటి తగ్గకుండా తీయించాలి, ఒళ్లు నిద్రపోకూడదు. పైల్వాన్ నాకు నేర్పిందే. భాగ్య మొదటి పెద్ద పోటీకి ముందు రోజు ఐదు వందలు తీయించాను. మర్నాడు చివరి నిమిషం దాకా ఆమెదే పైచేయి. అంతలో కాళ్లు వణికాయి, వెల్లకిలా పడింది. "భయపడ్డావు" అన్నాను. "భయం కాదు మామా, కాళ్లు రాలేదు" అంది. పక్కనే ఉన్న పైల్వాన్ విన్నాడు.

నెల తిరక్కుండానే ప్రదీప్ దిగాడు. గుంటూరు వైపు అబ్బాయి, వ్యాయామశాస్త్రం చదివినవాడు, తెల్ల బూట్లు. పైల్వాన్ తప్ప ఎవరూ కూర్చోని స్టూలును ఆయనే తుడిచి వాడికి వేశాడు. పన్నెండేళ్లు ఆ స్టూలు పక్కన నిలబడినవాణ్ణి నేను. "సార్, ఈ పాప ఇంకమీద మీదే" అన్నాడు. పాతికేళ్లవాడు సార్!

"అంకుల్, పోటీ దగ్గరపడేకొద్దీ లోడ్ తగ్గించాలి. రికవరీ కూడా ట్రైనింగే" అన్నాడు వాడు నాతో.

"పండబెట్టేదానికి కూడా కాలేజీ ఉండాదా నాయనా?" అన్నాను. భాగ్య కిసుక్కున నవ్వి నోరు మూసుకుంది. ఆ నవ్వు నా వైపే అనుకుని ఒక వారం బతికాను. తర్వాత ఆమెను పక్కకు పిలిచి, వాడికి తెలియకుండా నా దగ్గర బస్కీలు తీయమన్నాను. "వద్దు మామా. ఇప్పుడు కాళ్లు నావి మాదిరి ఉండాయి" అంది. అంతకన్నా చెంపదెబ్బ మేలు.

రెండో పోటీకి వెళ్లి వెనక వరుసలో కూర్చున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను: ఆ పిల్ల ఓడిపోవాలని కోరుకున్నాను. చివరి నిమిషంలో ఆ కాళ్ల వంకే చూశాను. వణకలేదు. ఎదుటి పిల్లను ఎత్తి పడేసింది. పైల్వాన్ తన భుజం మీది తువ్వాలు తీసి ప్రదీప్ భుజాన వేశాడు. నేను లేచి బస్సెక్కాను. నాలుగేళ్లు గరిడీ వైపు పోలేదు.

ఆయన మంచం పట్టి అత్తిబెలెలో తమ్ముడింట్లో ఉన్నాడని తెలిసి పోయాను. పలకరించడానికి కాదు, అడగడానికి. ఒళ్లు సగమైంది, గొంతు మాత్రం అదే. "కూచో నారాయణా" అన్నాడు. కూర్చోకుండానే అడిగేశాను. ఆ పిల్లకు నేనేం తక్కువ చేశానని తీసేశావు, చదివినవాడు దొరికితే చదవనివాడు పనికిరాడా అన్నాను. గొంతు పగిలేలా అరిచాను. తమ్ముడి భార్య వాకిట్లోంచి తొంగి చూసింది. పైల్వాన్ అంతా విని, నీళ్లు అడిగి తాగి, అప్పుడు చెప్పాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. కోపం పూర్తిగా దిగలేదు గానీ, ఆ జవాబును మించిన మాట నాకు ఎవరూ చెప్పలేదు.

"నువ్వేమీ తక్కువ చేయలేదప్పా. నేను చెప్పిందాంట్లో ఒక్కటీ వదలకుండా చేస్తివి. ఆ పాప కాళ్లు వణికిన పొద్దే నాకు తెలిసిపాయ, నేను నేర్పిందే తప్పని. నీ మీద నమ్మకం లేక ఇయ్యలేదు నారాయణా. నా మీద లేక ఇచ్చినా."