బొమ్మలో లేని తోటమాలి

నేను అన్నయ్యా అని పిలిచే మా తోటమాలి పోయాడు. ఆస్పత్రి నుంచి ఫోను వచ్చేసరికి నేను పెద్దావిడకు గంజి తాగిస్తున్నాను. మధ్యలో ఆపితే ఆమె ఇక ముట్టదు. గిన్నె ఖాళీ అయ్యాకే వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

బహ్రెయిన్‌లో, బుదైయా ఊళ్లోని ఆ ఇంట్లో తెలుగువాళ్లం ఆయనా నేనూ ఇద్దరమే. నాది గోదావరి వైపు; మంచం పట్టిన ఇంటి పెద్దావిడకు నర్సుని. ఆయనది నిజామాబాద్ దగ్గర పల్లెటూరు. మొదటిరోజు నుంచే నన్ను చెల్లె అన్నాడు.

పెద్దావిడ మంచానికి ఎదురుగా గోడకు ఒక బొమ్మ ఉంది. రెండు వందల ఏళ్ల కిందట ఇంగ్లండులో ఎవరో వేసిన దానికి నకలట. గడ్డి కప్పిన చిన్న ఇల్లు, గుమ్మం మీదికి పాకిన గులాబీ తీగ, కంచె వెంట నిలువెత్తు పూలమొక్కలు, అప్పుడే వాన వెలిసినట్టు తడిసిన దారి. కిటికీలోంచి చూసినా తనకు అలాగే కనబడాలని ఆమె కోరిక. అన్నను పిలిచి బొమ్మ చూపించారు. ఆయన చెప్పులు బయట విడిచి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశాడు.

"గింత తోటకు నీళ్లు పోసేటోడు ఏడున్నడు చెల్లె? ఒక్కడు గూడ కనవడుతలేడు."

"అక్కడ వానే పోసేస్తుంది అన్నయ్యా."

"గట్లనా. అయితే ఆ దేశంల నాకు కొలువు దొరకది."

అయినా కిటికీ బయట బొమ్మలోలాంటి తోటే వేసి, గులాబీ తీగ నాటాడు. ఇక్కడి బావి నీళ్లు ఉప్పు. తీగకు మాత్రం వంటింటి కుళాయి నుంచి మంచినీళ్లు మోసేవాడు. పోసి వెంటనే కదిలేవాడు కాదు. "తాగుతున్నదా లేదా జూడాలె" అనేవాడు. ఆయన్ని చూశాకే, మందు ఇచ్చి మంచం దగ్గర కాసేపు నిలబడడం నాకు అలవాటైంది. చలికాలంలో కిటికీ నిండా గులాబీలు పూశాయి. పెద్దావిడ బొమ్మను వదిలి అటు తిరిగింది. నేను ఒక్క ఫోటో కూడా తీయలేదు. ఎక్కడికి పోతాయిలే అనుకున్నాను.

ఈ ఎండాకాలం ఆయన పాదాలు వాచాయి. వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయింది. అది కిడ్నీల జబ్బు గుర్తని నాకు తెలుసు. బతిమాలాను, కోప్పడ్డాను.

"ఆగస్టు దాటనియ్యి చెల్లె. ఈ తీగె బతికితే ఏ డాక్టరు దగ్గరికి పొమ్మన్నా పోత."

బకెట్ లాక్కుంటే ఇంకోటి తెచ్చుకున్నాడు. నర్సునై ఉండి నేను చేయగలిగింది అంతే.

చివరికి తోటలోనే పడిపోయాడు. నాలుగో రోజు ఆస్పత్రికి వెళ్తే నన్ను గుర్తుపట్టి, "నీళ్లు పోసినవా?" అని అడిగాడు.

"పోశాను అన్నయ్యా."

"తాగిందా?"

"తాగింది."

నేను పోయలేదు. ఆయన పడిపోయాక మూడు రోజులూ పెద్దావిడకు జ్వరం, పక్కనుంచి లేవలేకపోయాను. ఆకులు అప్పటికే పొడిపొడి అయిపోయాయి. ఈ సంగతి మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆయన శవం ఉన్న పెట్టె ఊరికి చేరిన వారానికి ఆయన భార్య ఫోను చేసింది. వాళ్ల ఊళ్లో గల్ఫ్ దేశాలన్నీ దుబాయే.

"దుబాయిల పెద్ద తోట పెంచిండని ఊరంత చెప్పుకున్న వదినె. ఒక్క ఫోటువ పంపియ్యి. పిల్లలు చూస్తరు."

ఆయనది బటన్ ఫోను. నా ఫోనులోనూ ఏమీ లేదు. కిటికీ బయట ఎండుపుల్లలు. ఏం చేయాలో తోచక, గోడ మీది బొమ్మనే చట్రం కనబడకుండా ఫోటో తీసి పంపాను. తప్పేనని తెలుసు.

కాసేపటికి ఆమె నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది.

"గింత తోటకు ఆయనొక్కడే నీళ్లు పోసిండా వదినె?"

రాత్రి మందు ఇచ్చి మంచం దగ్గర నిలబడ్డాను. పెద్దావిడ మళ్లీ బొమ్మ వైపే తిరిగి పడుకుంటోంది. అందులో దారి ఎప్పటిలాగే తడిగా ఉంది.