గుత్తకు లేని చెట్లు

మా నాయన ఏ చెట్టునూ ఊరికే చూసేవాడు కాదు. బంగారుపాళ్యం చుట్టుపక్కల మామిడితోటలను పిందె మీదనే గుత్తకు తీసుకునే వ్యాపారం ఆయనది. చెట్టు చుట్టూ ఒక్కసారి తిరిగి, తలెత్తి చూసి, ఇది ఇన్ని గంపలు దిగుతుందని చెప్పేవాడు. ఆ మాట మీదనే బేరం. పెళ్లికి పోయినా, పరామర్శకు పోయినా, ఆ ఇంటి పెరట్లో మామిడిచెట్టు ఉంటే ముందు దాన్ని చూసి తర్వాత మనుషులను పలకరించేవాడు.

అలాంటి మనిషి అంచనా రెండు కాపులుగా తప్పుతూ వచ్చింది. ఒక పెద్ద తోటలో ఆయన చెప్పినదాంట్లో సగం కూడా దిగలేదు. గాచారం బాగలేదని మండీలో కొందరన్నారు, తోట గలాయన మోసం చేశాడని కొందరన్నారు. వ్యాపారంలో పొత్తున్న ఆయన మాత్రం ఎవరి తప్పూ ఎంచకుండా, వచ్చే పూతకు తోటలు చూడ్డానికి వేరే మనిషిని తెస్తానని చెప్పి పోయాడు. అదే జరిగితే నాయనకు పని లేనట్టే. ఇంకో పని తనకు రాదని ఆయనే చెప్పుకునేవాడు. ఆ మాట విన్నప్పటి నుంచి మా ఇంట్లో అన్నం వడ్డించే చప్పుడు కూడా తగ్గిపోయింది.

అన్నిటికంటే ఆలస్యంగా వచ్చే నీలం మామిడి కూడా ఆఖరికి వచ్చిన రోజుల్లో, ఒక పొద్దున అమ్మ తలకోనకు పోదామంది.

నేను నోరు తెరిచి చూశాను. పుట్టింటికి తప్ప ఎక్కడికీ పోదామని అడగని మనిషి అమ్మ. తలకోనలో శివుడి గుడి ఉంది, నీళ్లు దూకే కోన ఉంది. ఆమె అడిగింది అవీ కాదు.

"ఆడ అడివిలో శానా పెద్ద మాన్లు వుండాయంట. సూసొద్దాం," అంది.

"మనకు మాన్ల కరువా?" అన్నాడు నాయన. కానీ ఇంట్లో కూర్చుని చేసేదేముంది, ఒప్పుకున్నాడు.

అమ్మకు మానులెందుకు? నాకు అదే ధ్యాస. పొయ్యి దగ్గర అడిగాను, బావి దగ్గర అడిగాను, తిరుపతి బస్సులో కిటికీ పక్కన కూర్చుని అడిగాను. "సూస్తే కండ్లు నొస్తాయా?" అని అమ్మ నా నోరు మూయించింది. మా అవ్వ, అంటే నాయన వాళ్లమ్మ, ఒళ్లో వక్కాకు సంచి పెట్టుకుని, "దీని నోరు మూస్తే సెవుల్లోంచి అడుగుతాది," అంది.

తిరుపతిలో బస్సు మారి, నెరబైలులో దిగి, అక్కడి నుంచి జీపులో ఇరుక్కుని పోయాం. జీపు దిగాక దారి ఎంత సులువంటే అవ్వ కూడా కర్ర లేకుండా నడిచింది. ఎద్దులబండి పట్టేంత వెడల్పు, ఎక్కుడూ దిగుడూ లేదు, కాళ్ల కింద మెత్తగా రాలిన ఆకు. కొంచెం దూరం పోయేసరికి ఎండ తగ్గి, కుండలో నీళ్ల వాసన లాంటిది వచ్చింది. ఆ తర్వాత చెట్లు మొదలయ్యాయి.

మా తోటల్లో మామిడిచెట్టంటే నిచ్చెన వేస్తే అందేది. ఇవి మొదలు దగ్గరే గుడిసెంత ఉన్నాయి. ఒక మద్దిమానును నేనూ అమ్మా చెరోపక్క నుంచి కావలించుకుంటే మా చేతులు కలవలేదు సరికదా, అమ్మ ఎక్కడుందో కూడా నాకు తెలియలేదు. వేర్లు నేల మీదికి లేచి గోడల్లా ఉన్నాయి. అవ్వ రెండు వేర్ల మధ్య కూర్చుని, ఇంతకంటే మంచి అరుగు మన ఊర్లో లేదంది. మనిషి నడుమంత లావు తీగలు ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పాకిపోయి ఉన్నాయి. మొదలేదో కొస ఏదో కనుక్కుందామని ఒక తీగ వెంట పోయి, రాళ్లల్లో దారి తప్పి, అమ్మ చేత తిట్లు తిని వచ్చాను.

"ఈ చెట్లు యెవురివి నాయనా?"

"సర్కారువి."

"గుత్తకు యెవురు తీసుకుంటారు?"

"యెవురూ తీసుకోరు."

"మరి కాయలో?"

"కోతులకు." ఎన్నో నాళ్లకు నాయన నవ్వాడు.

ఆ నవ్వు చూసి నాకు ధైర్యం వచ్చింది. కనిపించిన ప్రతి చెట్టు దగ్గరా ఆగి, ఇది ఎంత కాస్తుందని అడగడం మొదలుపెట్టాను. అమ్మ నన్ను మందలించలేదు. మామూలుగా అయితే నాయనను విసిగించొద్దని ఒక్కటి వేసేది. పైగా, "ఆ పెద్దదాన్ని అడుగు," అని చూపించింది. అక్కడే నాకు అనుమానం రావాల్సింది.

అది వాగు ఒడ్డున ఉంది. తల వెనక్కి వాల్చితే గానీ కొన కనబడదు. నాయన పంచె ఎగ్గట్టి, తోటలో తిరిగినట్టే దాని చుట్టూ తిరిగాడు. చెయ్యి నుదుటి మీద పెట్టుకుని పైకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"అడివి మామిడి. కాపు బాగుండాది. తోతాపురి మాదిరి పొడుగు కాయ. అడివిలో నిదానంగా పండుతాదేమో, ఇంగా దిగలేదు," అన్నాడు.

నేను పైకి చూశాను. నాకేమీ అర్థం కాలేదు. పైన వేలాడుతున్నవి మామిడికాయలు కావు. నా చెయ్యంత పొడుగున, కత్తి ఒరల్లా, గోధుమరంగులో గాలికి ఊగుతున్నాయి. చెట్టుకు కాసినవి కూడా కావు, దాన్ని చుట్టుకున్న తీగకు కాసినవి.

అవ్వ పకపకా నవ్వింది. "ఒరే అబ్బోడా, అది గిల్లతీగరా. గిల్లకాయల్ని పట్టుకుని తోతాపురి అంటాడే నా కొడుకు."

నాయన నవ్వలేదు. అవ్వ వైపు చూశాడు, నా వైపు చూశాడు. మళ్లీ పైకి చూశాడు. ఆయన ముఖం చూసి అవ్వ నవ్వు ఆపేసింది. నాకు ఏడుపు వచ్చింది, ఎందుకో తెలియకుండానే.

"ఈ పాడు అడివికి యెందుకు తెచ్చినావు నన్ను?" అని అమ్మ మీద లేచాడు.

అమ్మ తగ్గలేదు. "ఈడ చెట్లు గుత్తకు లేవు. తప్పు జెప్పినా యెవురికీ యేమీ పోదు. నీకు కండ్లు ఆనలేదని తోటలో నేనంటే నువ్వు వినేవాడివా?"

అమ్మకు మానులెందుకన్న నా ప్రశ్నకు జవాబు అట్లా దొరికింది. అడక్కుండా ఉంటే బాగుండేదనిపించింది.

నాయన వేరు మీద కూలబడ్డాడు. తుండుగుడ్డతో ముఖం తుడుచుకుని, "కింది కొమ్మలవి బాగనే కనపడతాయి. పైన కూడా అంతే వుంటాయిలే అనుకుని సెప్తా వచ్చినా," అన్నాడు. ఆ తర్వాత, "నువ్వెప్పుడు కనిపెట్టినావు?" అని అడిగాడు.

"ఉగాదప్పుడు. అంగడి వీదిలో నేను యెదురుగా వస్తావుంటే సూసుకుంటానే పక్కన పోయినావు. నామింద కోపమేమో, నేనేం తప్పు జేసినానో అని ఆ రాత్రి తినలే. తెల్లారి యెవురో పరాయామె అనుకుని మన పిన్నమ్మను కూడా అట్లనే దాటుకోని పోతివి. అప్పుడు తెలిసింది."

నాయన తల వంచుకున్నాడు. తోటల్లో నష్టం వచ్చినప్పుడు కూడా ఆయన అంత కుంగిపోవడం నేను చూడలేదు. నన్ను తన పక్కకు పిలిచి, పైన ఏముందో చెప్పమన్నాడు. చెప్పాను. కాయలు ఊగుతున్నాయని, ఒక పిట్ట కూర్చుందని, మధ్యలో కొంచెం ఆకాశం ఉందని.

"ఆకులు దేనికది కనపడతాయా?"

"ఒక్కొక్కటీ కనపడతా వుండాది నాయనా."

"నాకంతా పచ్చగా ఒగటే ముద్ద," అన్నాడు.

వాగు దగ్గర చిత్రాన్నం తిని వెనక్కి వచ్చాం. తిరుపతిలో దిగాక మా ఊరి వైపు పోయే చిత్తూరు బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. నాయన దాన్ని పోనిచ్చాడు. కంటి ఆస్పత్రి యాడుండాదప్పా అని అడుగుతూ, గుండ్లు గీయించుకున్న జనం మధ్యలోంచి మమ్మల్ని తీసుకుపోయాడు. మా వైపు మగవాళ్లు వీధిలో ముందు నడుస్తారు, ఆడవాళ్లు నాలుగడుగులు వెనక. ఆ రోజు నాయన అట్లా నడవలేకపోయాడు. కొంచెం దూరం పోవడం, ఆగి వెనక్కి తిరగడం, వెనక జనంలోని చీరల్లో అమ్మది ఏదో పోల్చుకోలేక నిలబడిపోవడం.

"ఈడనే వుండావా?" అని అడిగేవాడు.

"ఈడనే వుండా," అనేది అమ్మ.

ఆస్పత్రి గేటు దాకా ఆయన అడుగుతూనే ఉన్నాడు. అమ్మ ఒక్కసారి కూడా విసుక్కోలేదు.