గోడవార పాతిన సీసా

మా కోనసీమలో కోపమొచ్చినా అండీ అనే అంటారు. బయటివాళ్ళు అది విని ముచ్చటపడతారు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచి ఇక్కడే ఉన్నదాన్ని, నాకు తెలుసు. ఎదుటివాళ్ళు నోరారా తిడుతున్నంతసేపూ భయం లేదు. గొంతు తగ్గించి "ఆయ్, అలాగేనండి" అన్నారంటే మాత్రం తలుపు గడియ వేసుకోవాలి. ఈమధ్య మా వీధిలో అందరూ నాతో అలాగే మాట్లాడుతున్నారు. ఎందుకో చెప్పాలంటే మా మేనకోడలి దగ్గర మొదలుపెట్టాలి.

మాది కొత్తపేటకి ఆటోలో వెళ్ళేంత దూరంలో ఉన్న ఊరు. మా ఆయన పోయాక వీధి గదిలో మిషను వేసుకుని ఆడవాళ్ళ జాకెట్లు కుడుతూ బతుకుతున్నాను. పిల్లల్లేరు. మా అన్నయ్య కూతురికి హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం. ఇంట్లోంచే పని చేసుకోవచ్చన్నారని కిందటి ఎండాకాలం నా దగ్గరికొచ్చి మేడ మీద గదిలో దిగింది. అంతకు కొద్ది నెలల ముందే మా అన్నయ్య పోయాడు. తలకొరివి నేనే పెడతానని ఆ పిల్ల కాళ్ళావేళ్ళా పడింది. ఆడపిల్లేమిటి, శ్మశానమేమిటి అని పెద్దలు దాయాదుల అబ్బాయి చేత పెట్టించారు. ఆ రోజు అది ఏడవలేదు. ఏడవని పిల్లని చూస్తే నాకు దిగులు.

వచ్చిన కొత్తలోనే ఒక పున్నమి సాయంత్రం, ఎండబెట్టిన వడియాలు తీద్దామని డాబా ఎక్కాను. మేనకోడలు గచ్చు మీద రాళ్ళుప్పుతో పెద్ద సున్నా చుట్టి మధ్యలో నిలబడింది. ఒక వైపు అగరొత్తి, ఒక వైపు దీపం, ఒక వైపు గ్లాసుడు నీళ్ళు, ఇంకో వైపు సాసర్లో గుప్పెడు మట్టి. కొబ్బరిచెట్ల వెనకనుంచి చందమామ అప్పుడే పైకొస్తోంది. అరచేతులు ఆకాశం వైపు పట్టుకుని కళ్ళు మూసుకుంది.

"ఏమిటే ఇది?"

"పూజే అత్తా."

"ఏ దేవుడికి?"

"దేవతకి. దేవుడూ ఉన్నాడు గానీ, ముందు ఆవిడ."

దాని పేరు విక్కా అట. నేను జాకెట్లకి కాజాలు కుడుతుంటే అది పక్కన కూర్చుని హుక్సులు అందిస్తూ రోజుకింత చెప్పేది. మరీ పాతదేం కాదట, పోయిన శతాబ్దంలో ఇంగ్లండులో కొందరు మొదలుపెట్టారట. క్రైస్తవం రాకముందు అక్కడి పల్లెల్లో చెట్టుకీ పుట్టకీ సూర్యచంద్రులకీ మొక్కినవాళ్ళ దారిని మళ్ళీ పట్టుకుందామని వాళ్ళ ఉద్దేశం. సూర్యుడి నడక బట్టి ఏడాదికి ఎనిమిది పండుగలు. పున్నమికి పూజ. అందులో ఒక పండుగ పోయిన పెద్దల్ని తలుచుకోవడానికి, అంటే మన మహాలయం లాంటిదే.

"మరి ఇందులో కొత్తేముందే? మన గ్రామదేవతకి మేం చేసేదీ ఇదేగా. వేపమండలు, దీపం, ముగ్గు. పూనకం వచ్చినావిడ నోట్లోంచే అమ్మవారు మాట్లాడుతుంది. ఇంగ్లీషువాళ్ళ దగ్గర నేర్చుకోవాలా?" అన్నాను.

"జాతరలో పూనకం వచ్చేది ఆడమనిషికి. గుడి తాళం ఎవరి దగ్గరుంది అత్తా?"

తాళం మగవాళ్ళ దగ్గరే ఉంది. విక్కాలో ఆడవాళ్ళు పూజారిణులు కావచ్చట. మడి లేదు, మైల లేదు, ముట్టయితే దూరం కూర్చోవడం లేదు. ప్రవక్త లేడు, అందరూ ఒప్పుకుని తీరాల్సిన గ్రంథం లేదు. రండి, మాలో కలవండి అని వీధుల్లో మైకు పెట్టరు. చర్చికెళ్ళేవాళ్ళు వింటే ఇది సైతాను పని అంటారు కదే అని అడిగితే తల అడ్డంగా ఊపింది. సైతాను వాళ్ళ లెక్కలోవాడు అత్తా, మా లెక్కలో లేనేలేడు అంది. మసీదువాళ్ళలాగా దేవుడొక్కడే అనరు, రూపం తప్పనరు. ఎవరికీ కీడు చేయకు, ఆపైన నీ ఇష్టం అన్నదే వాళ్ళకి ముఖ్యమైన నీతి. చేసిన కీడు మూడింతలై తిరిగొస్తుందని చాలామంది నమ్ముతారట. కర్మ అంటే మనం వచ్చే జన్మకి వాయిదా వేస్తాం, వీళ్ళు ఈ జన్మలోనే వడ్డీతో వసూలు చేసుకుంటారన్నమాట అన్నాను. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. మా అన్నయ్య పోయాక ఆ పిల్ల నవ్వడం అదే మొదలు. ఏ దేవత అయితేనేం, నా పిల్లని నవ్వించింది కదా అనుకున్నాను.

ఆ నవ్వులోనే అంది. "నేను విచ్‌ని అత్తా. మంత్రగత్తెని."

ఎమ్మే ప్యాసయ్యాను అని చెప్పినంత ధీమాగా చెప్పింది. నా చెయ్యి నాకు తెలియకుండానే లేచి దాని నోరు మూసింది. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది.

దానికేం తెలుసు? గిట్టనివాళ్ళ మీద చేసే ప్రయోగాన్ని మా వైపు చిల్లంగి అంటారు. నా చిన్నప్పుడు మా పుట్టింటి ఊళ్ళో ఒకావిడ చిల్లంగి పెట్టిందని నలుగురూ పట్టుకుని, ఇంకెప్పుడూ మంత్రం పలకలేకుండా ముందు పళ్ళు ఊడగొట్టారు. ఆవిడ ఆ తర్వాతా ఆ ఊళ్ళోనే బతికింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మా ఇంటి ముందునుంచే నీళ్ళకెళ్ళేది. ఊడగొట్టినవాళ్ళు ఎదురైతే "బావున్నారాండి" అని పలకరించేవారు. ఇదంతా చెప్పి, ఆ మాట ఇంకోసారి నీ నోట వినకూడదన్నాను.

"అక్కడ కూడా ఆ మాట పేరు చెప్పి ఎంతోమందిని చంపేరు అత్తా. అందుకే మేం దాన్ని మళ్ళీ మాదని చెప్పుకుంటాం."

"చంపినవాళ్ళు పోయాక చెప్పుకుంటున్నారు మీరు. మా దగ్గర ఇంకా పోలేదు," అన్నాను.

తర్వాత రెండు రోజులకనుకుంటాను, మిషను సొరుగులో విరిగిన సూదులుంటే ఇవ్వమంది. ఏదో బొమ్మ చేసుకుంటుందని ఇచ్చాను.

వానలు వెనకబట్టాక మా వీధిలో కుళాయి పైపులకి తవ్వకం మొదలైంది. మాకూ పక్కింటివాళ్ళకీ మధ్య గోడవార తవ్వుతుంటే గునపానికి పచ్చడి సీసా తగిలింది. మూత చుట్టూ మైనం పోసి ఉంది. లోపల ఉప్పు, ఎర్ర దారం, మేకులు, పిడికెడు వెంట్రుకలు, విరిగిన మిషను సూదులు. పనివాళ్ళు గునపాలు కింద పడేసి దూరంగా జరిగారు.

పక్కింటాయన అప్పటికి చాలా రోజులుగా మంచంలో ఉన్నాడు. పచ్చకామెర్లు. పసరు వేయించారు, తాయెత్తు కట్టించారు, అమలాపురంలో చూపించారు, మనిషి కళ్ళముందే చిక్కిపోతున్నాడు. ఎవరో చేయించారండి అని ఒక భూతవైద్యుడు అప్పటికే చెప్పి వెళ్ళాడని తర్వాత తెలిసింది. వాళ్ళు వెతుకుతున్న వస్తువు మా గోడ పక్కనే దొరికింది.

మేడ మెట్ల మీద మేనకోడలి మొహం పాలిపోయి ఉంది. "రక్ష అత్తా అది. నీ ఇంటికి, నీకు. నీ దువ్వెనలో వెంట్రుకలే వేశాను. ఇంగ్లండు పల్లెల్లో పాత అలవాటు, మావాళ్ళు చాలామంది చేస్తారు. మంత్రగత్తెల కీడు తగలకుండానే మొదట్లో పాతేవాళ్ళు," అంది. నేను నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"నేనెళ్ళి చెప్తాను. ఇది ఒక మతం, దాచుకోడానికేం లేదు," అని కిందికి దిగబోయింది. జబ్బ పట్టుకుని గదిలోకి లాగి, నోరెత్తావంటే నా మీద ఒట్టే అని బయట గొళ్ళెం పెట్టాను.

అరుస్తారనుకున్నాను. ఎవరూ అరవలేదు. సాయంత్రం మాజీ ప్రెసిడెంటుగారు వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. వీధిలో మగవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డారు. సీసాని పేపరు మీద పెట్టి అందరి మధ్యా ఉంచారు. లోపల సూదులు మెరుస్తున్నాయి, మా వీధిలో కుట్టుమిషను నాకొక్కదానికే ఉంది.

"మీరేమీ అనుకోకండమ్మా. మీ మీద మాకనుమానమేంటండి? మీకు గిట్టనివాళ్ళెవరో మీ సూదులే పట్టుకెళ్ళి చేసుంటారు. ఎవరి మీదన్నా అనుమానముంటే ఒక్క మాట చెప్పండి చాలు. మిగతాది మేం చూసుకుంటాం," అన్నారు ప్రెసిడెంటుగారు.

ఎంత మర్యాదగా దారి చూపించారో. ఆ మాటంటూ ఆయన వీధి చివరికి చూశారు. ఆయనతోపాటు అందరూ చూశారు. అక్కడ కొబ్బరీనెల చీపుళ్ళు కట్టి అమ్ముకునే ముసలావిడ ఒక్కతీ ఉంటుంది, వెనకాముందూ ఎవరూ లేరు. నేను పేరు కూడా చెప్పక్కర్లేదు, తల ఊపితే చాలు. నా ఒళ్ళు మండిపోయింది. భయంతో వణుకుతూ కూడా ఒళ్ళు మండొచ్చని ఆ రోజే తెలిసింది.

"ఎవరూ కాదండి. నాదే. నా ఇంటికి రక్ష కోసం నేనే పాతుకున్నాను," అన్నాను.

ప్రెసిడెంటుగారు సీసా వంక చూసి కండువా సర్దుకున్నారు.

"ఆయ్. అలాగాండి," అన్నారు ప్రెసిడెంటుగారు. లేచి, చెప్పులేసుకుని, సీసాని గోదాట్లో కలిపేయమని ఎవరికో పురమాయించి వెళ్ళిపోయారు. మిగతావాళ్ళూ వెళ్ళారు. వెళ్తూ వెళ్తూ ఒక్కొక్కరూ వెళ్ళొస్తామండి అని చెప్పి మరీ వెళ్ళారు.

మర్నాడు పొద్దున్నే మేనకోడల్ని హైదరాబాదు బస్సెక్కించాను. నాతో వచ్చెయ్యి అత్తా అని కిటికీలోంచి నా చెయ్యి వదల్లేదు. ఇప్పుడు వెళ్తే నిజంగానే చేశాననుకుంటారు, అదీగాక ఇల్లు విడిచి నేనెక్కడ బతుకుతానే అన్నాను. అది బస్సంతా వినపడేలా ఏడ్చింది. వాళ్ళ నాన్న పోయినప్పుడు దాచుకున్నదంతా ఆ రోజు ఏడ్చిందనుకుంటాను.

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో ఒకావిడ నిలబడి ఉంది. "ఏంలేదండి, నా ఆది జాకెట్టు ఒకసారి ఇప్పిస్తారాండి?"

కొలతల కోసం ఒక వాడిన జాకెట్టు టైలరు దగ్గర ఉంచేయడం మా దగ్గర మామూలే. దాన్నే ఆది జాకెట్టు అంటాం. మా వీధిలో ఇంచుమించు ప్రతి ఆడదాని జాకెట్టూ నా గోడకి వేలాడుతుండేది. చంకల్లో చెమట మరకలతో, ఒంటి వాసనతో. ఆవిడ ఎందుకడిగిందో మొదట తట్టలేదు. తర్వాత ఇంకొకావిడ వచ్చింది. తర్వాత ఇద్దరు కలిసి వచ్చారు. తమ పురుళ్ళకి నన్ను తోడు పిలిచినవాళ్ళు, మా ఆయన పోయినప్పుడు నన్ను పట్టుకుని కూర్చున్నవాళ్ళు. ఒంటి మీద బట్ట చిక్కితే చాలు, చిల్లంగికి ఇంకేం అక్కర్లేదంటారు. ఒక్కరూ లోపలికి రాలేదు, ఒక్కరూ నా కళ్ళలోకి చూడలేదు, ఒక్కరూ అండీ అనడం మానలేదు. పొద్దుగూకేసరికి గోడకి ఉత్త మేకులు మిగిలాయి. మిషను మీద తలపెట్టుకుని ఏడ్చాను.

కొన్ని వారాలకి పక్కింటాయన లేచి కూర్చున్నాడు. రాజమండ్రి ఆసుపత్రిలో చేర్చి సరైన మందు వాడారు, తగ్గింది. మనిషి దక్కినందుకు నిజంగా సంతోషించాను. ఆ సంతోషం ఒక పూటే. మందు సంగతి ఎవరూ ఎత్తలేదు. సీసా తీశారు, మనిషి లేచాడు. ఇంకా సాక్ష్యం ఏం కావాలి?

మొన్న ఒక మధ్యాహ్నం పెరటి తలుపు చప్పుడైంది. తీస్తే పక్కింటాయన భార్య. సీసా దొరికాక ఆ మనిషి నాతో మాట్లాడటం అదే మొదలు. లోపలికొచ్చి తలుపు తనే మూసింది. చంకలోంచి ఒక పాత జాకెట్టు తీసి మిషను మీద పెట్టింది. పొడుగు చేతుల తెల్ల జాకెట్టు. నేను కుట్టిందే, వాళ్ళత్తగారికి. ఉతకలేదు.

కుట్టడానికి పనొచ్చిందన్న ఆశతో, "చేతులు వదులు చేయాలా?" అన్నాను.

"కుట్టక్కర్లేదండి. ఉంచండి చాలు," అంది. చేతులు జోడించింది. "మీ చేతి మహిమ చూసేం కదండీ. మా అత్తగారితో నేను పడలేకపోతున్నానండి."

అలాంటివి నాకు రావమ్మా, పట్టుకెళ్ళు అని ఎంతో చెప్పాను. తిట్టాను కూడా. ఆవిడ తల వంచుకుని "ఆయ్, ఆయ్" అని వింది. వాళ్ళత్తగారి వైపు నేను మొగ్గుతున్నానని అనుకుందో, బేరం పెంచుతున్నానని అనుకుందో, నాకర్థం కాలేదు. జాకెట్టు ముట్టుకోకుండా వచ్చిన దారినే వెళ్ళిపోయింది. వెనకే వెళ్ళి తిరిగిచ్చేద్దామంటే, ఆ జాకెట్టు పట్టుకుని నేను వాళ్ళ గుమ్మం ముందు నిలబడితే చాలు, ఇక వేరే చెప్పేదేం ఉండదు. కాల్చేద్దామంటే అదే ప్రయోగం అంటారు. బీరువా అడుగున దాచాను.

పక్కింటి పెద్దావిడకి డెబ్బై దాటాయి. ఆయాసం. గోడకి అవతల ఆవిడ దగ్గినప్పుడల్లా నా చేతిలో పని ఆగిపోతోంది. ఆవిడ ఏదో ఒక రోజు పోతుంది, మనిషన్నాక పోకుండా ఉంటుందా? ఆ రోజు ఆ కోడలు నాకు దండం పెడుతుంది, మిగతా వీధి నా గుమ్మం ముందుకొస్తుంది. అందుకే ఈమధ్య పొద్దున్నే దీపం పెట్టి వెంకన్నకీ, అమ్మవారికీ, చర్చి గంట వినపడితే ఆ ప్రభువుకీ, పున్నమి వస్తే డాబా ఎక్కి మేనకోడలి దేవతకీ ఒకటే మొక్కుతున్నాను, పక్కింటి పెద్దావిడని ఈ పూటకి చల్లగా ఉంచమని.