ఉప్పు తినని ఆయమ్మ

ఆ మంత్రగత్తెల సీరియల్ గురించి ఎవరైనా ఇప్పటికీ మురిసిపోతూ మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది. ఆదివారం పొద్దున కోసం వారమంతా ఎదురుచూసేవాళ్లట, అలాంటి సీరియల్ మళ్లీ రాలేదట. రాకపోతేనే మంచిది. ఒకసారి వచ్చినందుకే మా అమ్మ దవాఖానా మంచమెక్కింది.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు జరిగిన సంగతి. మేముండే వాడ గోదావరికి ఇవతల, సారపాక నుంచి అడవి వైపు పోయే దారిలో ఉంది. మగవాళ్లలో కొందరు కాగితం మిల్లులో కాంట్రాక్టు పనికి పోయేవాళ్లు, కొందరు మిల్లుకు జామాయిల్ కర్ర లోడు చేసేవాళ్లు. నేను బ్రిడ్జి దాటి భద్రాచలంలో డిగ్రీ చదువుతున్నాను. నాన్న లేడు. అమ్మ మా వాడ అంగన్‌వాడీలో ఆయమ్మ. పిల్లలు తగ్గితే కేంద్రం ఎత్తేసి పక్క ఊళ్లో కలిపేస్తామని సూపర్‌వైజరమ్మ వచ్చినప్పుడల్లా చెప్పిపోయేది. కేంద్రం పోతే అమ్మ పని పోతుంది, అమ్మ పని పోతే నా చదువు పోతుంది. అందుకే పొద్దున్నే వాకిట్లో నిలబడి ఏ ఇంటి పిల్ల వస్తోంది, ఏ ఇంటి పిల్ల రాలేదని చూసుకోవడం అమ్మకు అలవాటు.

అమ్మకు బీపీ. ఉప్పు మానేయమని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. మానేసింది. కానీ పిల్లలకు పప్పన్నం వండేటప్పుడు ఉప్పు సరిపోయిందో లేదో ఎవరో ఒకరు చూడాలి కదా. అందరికంటే ముందు వచ్చిన పిల్లను పిలిచి, అరచేతిలో చిన్న ముద్ద పెట్టి, "ఉప్పు జూడు బిడ్డా" అనేది. ఆ పిల్ల కళ్లు మూసుకుని, చప్పరించి, పెద్దమనిషిలాగా తలాడించి, "సరిపోయింది ఆయమ్మా" అనేది. అప్పుడు గాని వడ్డన మొదలయ్యేది కాదు. ఈ పని కోసం పిల్లలు పోటీ పడి పొద్దున్నే వచ్చేవాళ్లు. కేంద్రం ఎదురుగానే కిరాణా కొట్టు. ఆ కొట్టు అక్క కూతురికి నాలుగేళ్లు. పోటీలో రోజూ ఆ పిల్లదే గెలుపు.

ఇక సీరియల్. ఏ దేశానిదో, తెలుగులో మాటలు కలిపి వేసేవాళ్లు. ఒక చలి ఊళ్లో ఐదుగురు ఆడపిల్లలు రొట్టెల కొట్టు అటక మీద దొంగచాటుగా మంత్రాలు నేర్చుకుంటుంటారు. వాళ్లు ప్రతి వారం ఏదో ఒక ఆపద తెచ్చుకోవాలి, ప్రతి వారం ఎవరో పెద్ద మంత్రగత్తె వచ్చి కాపాడాలి. ఆమె ముఖం చూపించరు. చెయ్యి ఒక్కటే చూపిస్తారు. ఆ చెయ్యి ఎవరిదన్నదే సీరియలంతా. దానికి ఇంత రాద్ధాంతం.

ఆ చెయ్యి ఎవరిదని పిల్లలు అడిగారంటే అర్థముంది. మా వాడలో పెద్దవాళ్లకు కూడా ఆ చెయ్యి తప్ప వేరే బెంగ లేకుండా పోయింది. కొట్టు ముందు బెంచీ మీద కూర్చుని, కొట్లో టీవీ వైపు మెడలు చాపి, పంచాయితీ ఎన్నికల గురించి మాట్లాడినట్టు మాట్లాడుకునేవాళ్లు. రొట్టెలామెదే అని ఒకాయన. కాదు, గంట కొట్టే ముసలామెది అని ఇంకొకాయన. వీళ్లందరికీ పెద్ద, మా ట్యూషన్ సారు. బీఈడీ చదివి ఉద్యోగం రాక వాడలో ట్యూషన్లు చెప్పుకునేవాడు. అదృష్టం కొద్దీ ఆయన బుర్రకు ఆదివారం సెలవు లేదు. ఒక వారం సీరియల్లో విందు జరిగింది. అందరూ తింటున్నారు. బల్ల మీది ఉప్పు గిన్నెను ఆ చెయ్యి పక్కకు నెట్టింది. సారు బెంచీ మీద నుంచి లేచి నిలబడ్డాడట. "పెద్ద మంత్రగత్తె ఉప్పు తినదు. గదే క్లూ" అన్నాడట. ఆ రోజు నుంచి ఆయన మాటే శాసనం.

పిల్లలకు ఈ మాట పండగయింది. మర్నాడు కేంద్రంలో కిరాణా కొట్టు పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని అందరికీ చెప్పేసింది. "మా ఆయమ్మ ఉప్పు తినదు. మా ఆయమ్మనే పెద్ద మంత్రగత్తె." దానికి అంతకంటే పెద్ద బిరుదు తెలియదు పాపం. పిల్లలంతా అమ్మ చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. అమ్మ పడీ పడీ నవ్వి, ఇంటికొచ్చి నాకు చెప్పింది. నేనూ నవ్వాను.

ఆ మాట పిల్లల నోట్లోంచి తల్లుల చెవిలోకి పోయేసరికి నవ్వు పోయింది. టీవీలో మంత్రగత్తె పిల్లలను కాపాడుతుందన్న ముక్క ఎవరికీ గుర్తు లేదు. ఉప్పు తినదన్న ముక్క ఒక్కటే గుర్తుంది. మా దిక్కు మంత్రాల పేరు పడిన ఆడదాని బతుకు ఏమవుతుందో అందరికీ తెలుసు, అయినా అన్నారు. ఎవరింట్లోనో పిల్లకు జ్వరం వచ్చింది. వానాకాలంలో ఎవరికి రాదు జ్వరం? "తను తినదు, ముందుగాల మన పిల్లల నోట్లె పెడ్తది. ఎందుకు పెడ్తదంటవ్?" అని కొట్టు అక్క బేరానికి వచ్చిన ప్రతి మనిషినీ అడిగింది. పిల్లలు ఎగబడి చేసిన పని కాస్తా అమ్మ మీద సాక్ష్యమయింది.

ఒక్కో ఇంటి పిల్ల రావడం మానేసింది. అమ్మ వాకిట్లో నిలబడే ఉండేది.

నేను నేరుగా ట్యూషన్ సారు దగ్గరికి పోయాను. ఆయన తాపీగా చాక్‌పీసు పక్కన పెట్టి, "నేను సీరియల్ గురించి అన్ననమ్మా, మీ అమ్మ గురించి అనలే" అన్నాడు.

"గా మాటనే బెంచీ మీద కూసోని అందరికి చెప్పండి సార్" అన్నాను.

"చెప్తె ఇంటరా? వీళ్లకు సైంటిఫిక్ టెంపర్ లేదు" అన్నాడు. ఆ ముక్క అన్న పెద్దమనిషి వచ్చే వారం చెయ్యి ఏం చేస్తుందో జోస్యం చెప్పడానికి మాత్రం బెంచీ ఎక్కాడు. సిగ్గూ శరం ఉన్నవాడు ఆ బెంచీ దారిన నడవడు.

తీర్పు కొట్టు అక్క చెప్పింది. ఇద్దరు ముగ్గురు తల్లులను వెంటేసుకుని వడ్డన వేళకు కేంద్రానికి వచ్చింది. "మాకేం అనుమానం లేదు ఆయమ్మా. మా ముంగట రోజు ఇంత తొక్కు కలుపుకోని తిను. పిల్లలను పంపుతం."

"నాకు బీపీ గదమ్మా, డాక్టరు వద్దన్నడు" అంది అమ్మ.

"బీపీ నాకు గూడ ఉంది. నేను తింటలేనా?"

ఆమె తింటుందన్నది నిజమే. ఆమె ఒళ్లు, ఆమె ఇష్టం. కేంద్రం టీచరమ్మ మధ్యలో ఏదో చెప్పబోయింది గాని, రిజిస్టరులో పిల్లలు కనబడకపోతే సూపర్‌వైజరమ్మ ముందు తలవంచుకోవాల్సింది తనే కాబట్టి ఊరుకుంది. అమ్మ పళ్లెం తెచ్చుకుని కూర్చుంది. ఉప్పు దట్టించి నూరిన చింతకాయ తొక్కు వేశారు. తిన్నది. తల్లులు వరసగా నిలబడి, ముద్ద గొంతు దిగేదాకా చూశారు. మర్నాడు పిల్లలు వచ్చారు.

అప్పటి నుంచి ఒక్కో రోజు ఒక్కో ఇంటి తొక్కు. మామిడికాయది, ఉసిరికాయది, గోంగూరది. మా వాడలో ఇంత ఉదారంగా తొక్కు పంచుకున్న కాలం నేను మళ్లీ చూడలేదు. అమ్మ పాదాలు వాచాయి. కళ్లు తిరుగుతున్నాయని గోడ పట్టుకుని నడిచేది. నేను ఇంట్లో అరిచాను, ఏడ్చాను, కాళ్లు పట్టుకున్నాను. "నీ పరీక్షలు అయ్యేదాంక ఆగు బిడ్డా" అంది. నా పరీక్షలకూ ఉప్పుకూ ఇలా ముడి పడినందుకు నాకు ఆ పుస్తకాలు చించి పారేయాలనిపించింది.

ఒకరోజు పప్పన్నం గిన్నె పొయ్యి మీద నుంచి దించి, అక్కడే కూలబడిపోయింది. ఆటోలో బ్రిడ్జి దాటించి దవాఖానాకు తీసుకుపోయాం. బీపీ చూసిన డాక్టరు ముఖం ఎర్రబడింది. "ఉప్పు ముట్టొద్దని చెప్పిన గదా, ఎందుకు తిన్నవ్?"

అమ్మ మగతలోనే, "పిల్లలు వస్తరని సార్" అంది. ఆయనకు అర్థం కాలేదు. నేను విప్పి చెప్పలేకపోయాను. టీవీలో ఒక చెయ్యి ఉప్పు గిన్నె నెట్టిందని మొదలుపెట్టి ఎక్కడిదాకా చెప్పను?

ఇక్కడితో వాడకు బుద్ధి వస్తుందనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని. బెంచీ మీద కొత్త సిద్ధాంతం పుట్టింది. ఉప్పు తినిపిస్తే మంత్రగత్తె శక్తి పోయి పడిపోతుందట, ఆయమ్మ పడిపోయింది కదా, ఇంకేం కావాలట. తినకపోతే మంత్రగత్తె. తిని పడిపోతే ఖాయంగా మంత్రగత్తె. కొట్టు అక్క కూతుర్ని కేంద్రం గడప తొక్కనివ్వలేదు. అది చూసి మిగతా ఇళ్లూ పిల్లలను ఆపేశాయి.

అమ్మ దవాఖానాలో ఉండగానే సీరియల్ అయిపోయింది. చెయ్యి రొట్టెల కొట్టు ముసలాయనదట. మంత్రగత్తే కాదు. ఉప్పు గిన్నె ఎందుకు నెట్టాడో చెప్పనే లేదు. తెలుగు మాటలు రాసినవాళ్లే ఎక్కడో తప్పు చేశారని ట్యూషన్ సారు తేల్చాడు. అంతే, ఆయనకు అది అయిపోయింది.

అమ్మ తిరిగి పనిలోకి పోయిన రోజు నేను కాలేజీ మానేసి వెంట పోయాను. పప్పన్నం ఉడికింది. పిల్లలు లేరు. టీచరమ్మ రిజిస్టరు తెరిచి మళ్లీ మూసింది. కొట్టు అక్క తొక్కు డబ్బాతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "ఇంకొక్కసారి తిను ఆయమ్మా, జూస్తం" అంది. నేను నోరు తెరిచేలోపే అమ్మ పళ్లెం అందుకుంది.

అప్పుడు ఎదురు కొట్లోంచి ఆ పిల్ల దారి దాటి పరుగెత్తుకొచ్చింది. తల్లి చెయ్యి చాపి పట్టుకోబోతే దాని కింద నుంచి దూరి లోపలికి వచ్చి, అమ్మ పళ్లెం మీద రెండు చేతులూ కప్పేసింది.

"నువ్వు తినకు ఆయమ్మా. ఉప్పు తింటె నీ మంత్రం పోతది. మల్ల పడిపోతవ్." తర్వాత ఒక అరచెయ్యి చాపింది. "ఉప్పు నేను జూస్త."

అమ్మ చిన్న ముద్ద పెట్టింది. పిల్ల కళ్లు మూసుకుని చప్పరించింది. "సరిపోయింది" అంది. గుమ్మం బయట ఇంకో ఇద్దరు పిల్లలు అప్పటికే చేతులు చాపి నిలబడ్డారు. కొట్టు అక్క తొక్కు డబ్బా కొంగు కిందికి తీసుకుంది.

డాక్టరు తిట్టినా, నేను కాళ్లు పట్టుకున్నా వినని అమ్మ, పళ్లెం పక్కకు నెట్టి, "సరే బిడ్డా, ఇగ తినను" అంది.