దుమ్ములో తీర్పు

వేంకటాచలం మేష్టారు ఒక చేత్తో జారిపోయే ప్యాంటు పట్టుకుని, రెండో చేత్తో హోమ్ ప్లేట్ మీది మట్టి దులుపుతూ, కొత్త బేస్‌బాల్ అంపైర్లకి ఒకే మాట చెబుతారు. "కనబడకపోయినా గట్టిగా సెప్పీయండి బాబూ! గొంతులో అనుమానం వినబడ్డాదా, ఇంక మన పని అయిపోయినట్టే."

మొన్న గజపతినగరంలో రాష్ట్ర జట్టు ఎంపికలప్పుడు, మేనల్లుడు గోపి పరుగు పూర్తిచెయ్యడానికి పరిగెత్తుకొచ్చి, చెయ్యి చాపి ప్లేట్ మీదికి జారాడు. లేచిన ఎర్రదుమ్ములో మేష్టారికి ఏమీ కనబడలేదు. "అవుట్!" అని మైదానం అదిరేలా అరిచారు.

"మావా, బంతి కన్నా నా సెయ్యే ముందు ప్లేట్‌కి తగిలింది. సూడలేదేటి?"

మేష్టారు ఎత్తిన చెయ్యి దించలేదు. గోపికి జట్టులో చోటు దక్కలేదు.

సాయంత్రం టీకొట్టు దగ్గర ఆయన బల్ల మీద కాస్త పక్కకి జరిగి, "రారా అల్లుడూ, టీ తాగుదాం" అన్నారు.

గోపి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మీరు తాగండి సార్."