కుక్కపిల్లకీ ఇంటర్వ్యూనా!

వీసాకి ఇంటర్వ్యూ ఇచ్చాను. ఉద్యోగానికి రౌండ్ల మీద రౌండ్లు కూర్చున్నాను. చివరికి కుక్కపిల్లకీ ఇంటర్వ్యూనా!

కెనడాలో, బ్రాంప్టన్ బస్సులో మా ఆవిడకి ఫోన్‌లో అదే చెబుతూ మండిపడుతున్నాను. "కుక్కల్ని పెంచి అమ్మే ఆ బ్రీడర్ పిల్లల్నీ, తల్లినీ చూపించింది. బాగానే ఉన్నాయి. కానీ ఆ ప్రశ్నలేంటి? పగలు ఇంట్లో ఎవరుంటారు, మంచులో ఎవరు తిప్పుతారు, ఇండియా వెళ్తే ఎవరికి అప్పగిస్తారు? ఇంతా అడిగి, ఆలోచించి చెబుతుందట! కొనేది మనమా, తనా?"

ఫోన్ పెట్టేశాక పక్క సీట్లో ఉన్నామె తెలుగులోనే అంది, "మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదండీ."

"హాయి కదండీ!" అన్నాను చిరాగ్గానే.

ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కుక్కపిల్ల మెడకు కట్టే చిన్న ఎర్ర బెల్టు తీసింది. "ఫొటో చూసి ఓకే అన్నాం. మాల్ పార్కింగ్‌లో ఒకతను కారు డిక్కీలోంచి తీసి చేతికిచ్చాడు. అప్పటికే జబ్బుతో ఉందట, వారం తిరక్కుండా పోయింది. ఇప్పుడు అతని ఫోన్ కలవదు. ఇది కనిపిస్తే మా బాబు ఏడుస్తున్నాడని నా బ్యాగ్‌లో పెట్టుకున్నా."

నాకు మళ్లీ ఒళ్లు మండింది, ఈసారి ఆ డిక్కీవాడి మీద.

బస్సు దిగగానే బ్రీడర్‌కి ఫోన్ చేశాను.

"మేడమ్, అడగాల్సినవి ఇంకేమైనా మిగిలాయా?"