రెండో తాళంచెవి

బేగం బజార్‌లోని చాలా దుకాణాల బిల్లులు ఆబిడ్స్‌లోని మా ఆఫీసు చూసుకునే డేటాబేస్‌లో ఉంటాయి. అది ఒక కంపెనీ క్లౌడ్‌లో నడుస్తుంది, దాని బ్యాకప్ ఇంకో కంపెనీ క్లౌడ్‌లో ఉంటుంది. మొదటిది ఆగితే రెండోదానితో దుకాణాలు నడవాలి. నడుస్తాయో లేదో ఇంతవరకు ఎవరూ చూడలేదు. ఈ రోజు చూడాల్సిందేనని పట్టుబట్టాను.

"మంచిగ నడుస్తున్నదాన్ని ఎందుకు గెలుకుతవమ్మా? బ్యాకప్ ఉన్నది కదా, ఫికర్ ఏంది?" అన్నారు మా మేనేజర్.

"ఉన్నది సార్. తెరుచుకుంటదో లేదో జర చూద్దాం," అన్నాను.

తెరుచుకోలేదు. లోపలికి రానిచ్చే అనుమతులు మొదటి క్లౌడ్‌లో ఇచ్చాం, రెండోదానిలో ఇవ్వడమే మరిచాం. అది సరిచేసి, అక్కడినుంచి ఒక బిల్లు బయటికొచ్చేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు. ఇకపై నెలనెలా ఇలా చూడాలని సార్‌ను ఒప్పించాను కూడా.

ఆ ఊపులోనే ఇంటికొచ్చి, నాంపల్లి స్టేషన్ దగ్గర ఎప్పుడో చేయించి బీరువాలో దాచిన రెండో తాళంచెవి తీసి మా తలుపుకు పెట్టాను. తిరగలేదు.

రేపు పొద్దున్నే నాంపల్లికి పోతున్నాను. నవ్వకండి. ముందు లేచి మీ రెండో తాళంచెవి తిప్పి చూసి, తిరిగిందో లేదో ఇక్కడ కింద రాయండి.